లియొనార్డ్ ఆయిలరు – ఒక మహాసంఖ్య చరిత్రము

విద్యార్థులారా! 2,14,74,83,647 అను సంఖ్యను ఒకమారు చూడుడు. రెండువందల పదునాలుగు కోట్ల డెబ్బదినాలుగు లక్షల ఎనుబదిమూడువేల ఆఱువందల నలుబదియేడు. పైకి ఇది పది యంకెల వరుస మాత్రమే. ఏ వర్తకుని చిట్టాలోనో, ఏ దొరతనమువారి జమాఖర్చు పట్టికలోనో కానవచ్చినచో చదివి మఱచిపోవుదుము. కాని యీ సంఖ్యను గూర్చిన యొక చిన్న ప్రశ్న నూటయిరువది యేండ్లకు పైగా పండితలోకమున తీరని సందేహముగా నిలిచియుండెను. ఒకటిచేతను, తనచేతను తప్ప మఱియే సంఖ్యచేతనైనను ఇది నిశ్శేషముగా భాగింపబడునా, బడదా? ఇదియే ఆ ప్రశ్న. దీనికి తిరుగులేని సమాధానము నొసగిన మహనీయుడు లియొనార్డ్ ఆయిలరు. ఆ సమాధానము లోకమునకు వెల్లడియైన 1772వ సంవత్సరమున ఆయనకు అఱువదియైదేండ్లు. కన్నులు రెండును దాదాపుగా చూపు కోల్పోయియుండెను. అట్టివాని జీవితచరిత్రము విద్యార్థులకును, వారిని కన్నవారికిని, వారికి చదువు చెప్పువారికిని తెలిసికొనదగినది.

స్విట్జర్లాండు దేశమున రైను నది యొడ్డున బాసెలు అను పురాతన పట్టణము కలదు. క్రీ. శ. 1707వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన ఆయిలరు ఈ పట్టణమున జన్మించెను. తండ్రి పాల్ ఆయిలరు క్రైస్తవసంఘమునకు కాపరి. తల్లి మార్గరెట్ బ్రూకరు కూడ సంఘకాపరి కుమార్తెయే. బిడ్డ పుట్టిన కొలది కాలమునకే తండ్రికి సమీపముననున్న రీహెన్ గ్రామమున సంఘసేవ లభింపగా కుటుంబమచ్చటికి తరలిపోయెను. పాల్ తాను విద్యార్థిగా నున్నపుడు యాకోబు బెర్నూలీ అను గొప్ప గణితపండితుని యుపన్యాసములను వినియుండెను. కావున తన కుమారునకు మొదటి గణితపాఠములను తానే చెప్పెను. పిమ్మట బాలుడు బాసెలులో నున్న అమ్మమ్మగారి యింట నుండి పాఠశాలకు పోయి, పదుమూడవయేట విశ్వవిద్యాలయమున ప్రవేశించెను.

కుమారుడు తనవలెనే సంఘకాపరి కావలెనని తండ్రి కోరిక. అందుచే ఆయిలరు వేదాంతశాస్త్రమును, గ్రీకు హెబ్రీ భాషలను అభ్యసింప మొదలిడెను. కాని ఆయన హృదయము గణితమునందే లగ్నమై యుండెను. యాకోబు సోదరుడైన యోహాను బెర్నూలీ ఆ కాలమున బాసెలులో గణితాచార్యుడు, ఐరోపాఖండమందంతటను పేరుగాంచినవాడు. ఆయిలరు ఆయనను ఆశ్రయించి ప్రత్యేకముగ పాఠములు చెప్పుడని వేడుకొనెను. ఆచార్యునకు తీరిక లేకుండెను. అయినను కొన్ని కఠినగ్రంథములను పేర్కొని, వానిని స్వయముగా చదువుకొనుమనియు, అర్థముకాని చోటులను గుఱించి శనివారము మధ్యాహ్నమున వచ్చి అడుగుమనియు ఆయన సెలవిచ్చెను. గురువుగారి కాలమును వృథా చేయరాదను తలంపుతో ఆ బాలుడు వారమంతయు శ్రమించి, అడుగవలసిన సందేహములను సాధ్యమైనంత తగ్గించుకొని పోవుచుండెను. ఒక సందేహమును తానే తీర్చుకొనుసరికి తక్కిన పది సందేహములు తమంతట తీరిపోవుచుండెనట. కొలదికాలములోనే యోహాను బెర్నూలీ ఈతని ప్రజ్ఞను గ్రహించి, పాల్ ఆయిలరును కలిసికొని, మీ కుమారుడు గణితమునకే పుట్టినవాడని నచ్చజెప్పెను. తండ్రియు తన కోరికను విడిచి అంగీకరించెను. వృత్తి మాఱినను ఇంటిలో నేర్చిన భక్తి మాఱలేదు; ఆయిలరు గృహస్థుడైన పిదప సాయంకాలమున కుటుంబమువారి నందఱిని చేర్చి వేదగ్రంథములోని అధ్యాయమును చదువుట ఆయన నియమము.

ఆ దినములలో రష్యాదేశపు రాజధానియైన సెంటు పీటర్సుబర్గు నగరమున క్రొత్తగా ఒక శాస్త్రపరిషత్తు స్థాపింపబడెను. యోహాను బెర్నూలీ కుమారుడగు డేనియలు అచ్చట ఆచార్యుడై యుండి, తన మిత్రునకు కూడ స్థానము సంపాదించెను. 1727వ సంవత్సరము వసంతకాలమున ఇరువది యేండ్ల ఆయిలరు ఇల్లు విడిచి, పడవలమీదను బండ్లమీదను ఆఱు వారములు ప్రయాణము చేసి, మే నెలలో ఆ దూరనగరమును చేరెను. మరల స్వదేశమున నివసించు భాగ్యము ఆయనకు కలుగలేదు. 1733లో డేనియలు బాసెలునకు మఱలిపోగా గణితాచార్యపదవి ఆయిలరునకు లభించెను. మఱుసటి సంవత్సరము చిత్రకారుని కూతురగు కాథరీనా గ్సెల్ అను నామెను వివాహమాడెను. వారికి పదుమువ్వురు బిడ్డలు పుట్టిరి. అందు ఎనమండుగురు శైశవముననే మరణించిరి.

పీటర్సుబర్గు పరిషత్తునకు తొలుత కార్యదర్శిగా నుండిన క్రిస్టియన్ గోల్డుబాకు అను విద్వాంసుడు ఆయిలరునకు చిరకాలమిత్రుడాయెను. సంఖ్యల స్వభావమును విచారించుట గోల్డుబాకునకు మిక్కిలి ప్రియము. 1729వ సంవత్సరము డిసెంబరు నెలలో ఆయన ఆయిలరునకు వ్రాసిన యొక లేఖలో ఫెర్మా అను ఫ్రెంచి గణితజ్ఞుని వాక్యము నొకదానిని జ్ఞప్తికి తెచ్చెను. ఈ విషయమును బోధపఱచుకొనుటకు ముందు ఒక మాట తెలిసికొనవలెను. ఒకటిచేతను, తనచేతను మాత్రమే నిశ్శేషముగా భాగింపబడు సంఖ్యకు అభాజ్యసంఖ్య యని పేరు. 2, 3, 5, 7, 11 అట్టివి. అటుగాక 15 వలె రెండు చిన్నసంఖ్యల గుణకారముచే ఏర్పడునది సంయుక్తసంఖ్య. 3, 5, 17, 257, 65,537 అను సంఖ్యలన్నియు ఒక్క పద్ధతిలో పుట్టినవి. మొదటిదాని తరువాత, ప్రతిదానిలో నుండి ఒకటి తీసివేసి, ఆ శేషమును దానిచేతనే గుణించి, మరల ఒకటి చేర్చిన పై సంఖ్య వచ్చును. ఈ యైదును అభాజ్యములు. ఈ వరుసలో ఎంతదూరము పోయినను అన్నియు అభాజ్యములే యగునని ఫెర్మా గట్టిగా నమ్మెను, కాని నిరూపింపలేకపోయెను. వరుసలోని ఆఱవ సంఖ్య 4,29,49,67,297. ఇంత పెద్దదానిని పరీక్షించువారు లేక, ఫెర్మా మరణించి అఱువదియేండ్లు గడచినను, ఆయన మాటయే చెల్లుబడి యగుచుండెను.

ఆయిలరు ఫెర్మాయందు అపారమైన గౌరవము కలవాడు. అయినను గౌరవము వేఱు, నిరూపణము వేఱు. 1732లో ఆయన పరిషత్తునకు సమర్పించిన యొక చిన్న వ్యాసమున 4,29,49,67,297 అను సంఖ్య 641చేత నిశ్శేషముగ భాగింపబడుననియు, లబ్ధము 67,00,417 అనియు తెలిపెను. మీరును పలకమీద గుణించి చూచుకొనవచ్చును. ఒక్క గుణకారముతో ఒక మహాపండితుని విశ్వాసము కూలిపోయెను. అప్పటికి ఆయిలరు ఇరువదియైదేండ్ల యువకుడు. 641ని ఆయన గ్రుడ్డిగా పట్టుకొనలేదు. ఆ సంఖ్యను భాగింపగల అభాజ్యమేదైనను 64 యొక్క గుణిజమునకు ఒకటి చేర్చిన రూపముననే యుండవలెనని ఆయన తరువాతి కాలమున నిరూపించి చూపెను. పదిమార్లు 64, దానికి ఒకటి చేర్చిన 641 కదా!

1735లో ఆయిలరునకు ప్రాణాపాయకరమైన జ్వరము వచ్చెను. తరువాత మూడేండ్లకు కుడికన్ను చూపు నశించెను. ఆయన విచారపడక, ఇక మనస్సు చెదరగొట్టునవి సగము తగ్గినవని సంతోషించెనని చెప్పుదురు. ఆ సంవత్సరములలోనే వర్గసంఖ్యల విలోమముల మొత్తమును కనుగొని బెర్నూలీ సోదరులకు కూడ అసాధ్యమైన సమస్యను పరిష్కరించెను. కోనిగ్సుబర్గు పట్టణములోని ఏడువంతెనలను ఒక్కొక్కదానిని ఒక్కొక్కమారే దాటి తిరుగుట సాధ్యము కాదని నిరూపించి ఒక క్రొత్త శాస్త్రమునకు పునాది వేసెను.

1741లో ప్రష్యాదేశపు రాజగు రెండవ ఫ్రెడరిక్కు ఆహ్వానింపగా ఆయిలరు బెర్లిను నగరమునకు పోయి అచ్చట ఇరువదియైదేండ్లు నివసించెను. రాజునకు చమత్కారసంభాషణమును, కవిత్వమును ప్రియము. సాదాసీదావాడును భక్తిపరుడును అగు ఆయిలరు ఆ సభకు తగినవాడుగా తోచలేదు. ఆయన ఒంటికంటిని గుఱించి కూడ రాజు పరిహాసమాడుచుండెను. ఆయిలరు మాఱుమాటాడక తన పనిని తాను చేసికొనుచుండెను. కాలువలు, నౌకలు, చంద్రగమనము, కటకములు, వడ్డీలెక్కలు — ఆయన చేయిపెట్టని విషయమే లేదు.

ఇక మన మహాసంఖ్య యొద్దకు వత్తము. ప్రాచీన గ్రీకులు సంఖ్యలను మూడు తరగతులుగా విభజించిరి. ఒక సంఖ్యకు గల భాజకములను, ఆ సంఖ్యను విడిచి, కూడినపుడు మొత్తము తక్కువగా వచ్చినచో అది న్యూనసంఖ్య. ఎక్కువగా వచ్చినచో అధికసంఖ్య. సరిగా అంతయే వచ్చినచో పరిపూర్ణసంఖ్య. 8కి భాజకములు 1, 2, 4, మొత్తము 7, కనుక 8 న్యూనము. 12కి 1, 2, 3, 4, 6, మొత్తము 16, కనుక 12 అధికము. 6కి 1, 2, 3, మొత్తము 6, కనుక 6 పరిపూర్ణము. 28 కూడ అట్టిదే. ఇవి బహు అరుదు. తరువాతివి 496, 8,128. వీనిని కనుగొను మార్గమును యూక్లిడు తన క్షేత్రగణితగ్రంథమున చెప్పెను. రెండును కొన్ని మార్లు వరుసగా గుణించి, వచ్చినదానిలో ఒకటి తీసివేయవలెను. మిగిలినది అభాజ్యమైనచో, రెండును ఒకమారు తక్కువగా గుణించి వచ్చినదానితో దానిని హెచ్చింపవలెను. ఫలము పరిపూర్ణసంఖ్య యగును. మూడు రెండుల గుణఫలము 8, ఒకటి తీసినచో 7, ఇది అభాజ్యము. రెండు రెండుల గుణఫలము 4. నాలుగేడులు ఇరువదియెనిమిది.

కావున పరిపూర్ణసంఖ్యలను వెదకుట యనగా, రెండు యొక్క గుణఫలమునకు ఒకటి తక్కువగానుండు అభాజ్యములను వెదకుటయే. గుణించిన మార్ల సంఖ్య అభాజ్యము కానిచో ఫలమును అభాజ్యము కాదు. కాని అది అభాజ్యమైనంత మాత్రమున ఫలము అభాజ్యమగునను నమ్మకము లేదు. పదునొకండు రెండులను గుణించి ఒకటి తీసివేసిన 2,047 వచ్చును. అది 23 × 89. 1644లో పారిసు నగరమున మఠవాసియైన మెర్సెను అను సన్న్యాసి ఒక గ్రంథమును ప్రకటించి, 257 వఱకు గల సంఖ్యలలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అనువానికి మాత్రమే ఇట్టి అభాజ్యము లేర్పడునని వ్రాసెను. 19 వఱకు గలవి అప్పటికే ఇతరులు పరీక్షించి చూచినవి. 31 మొదలు పైవానిని మెర్సెను ఎట్లు తెలిసికొనెనో చెప్పలేదు. ముప్పదియొక్క రెండులను గుణించి ఒకటి తీసివేయగా వచ్చునదియే మన 2,14,74,83,647.

ఆయిలరు యౌవనమున ఈ విషయమును గూర్చి వ్రాసినపుడు తన పట్టికలో కొన్ని సంఖ్యలను తొందరపడి చేర్చెను. వయస్సుతో పాటు ఆయనకు జాగ్రత్తయు పెరిగెను. 1752లో బెర్లిను నుండి గోల్డుబాకునకు వ్రాసిన లేఖలో, తనకు నిశ్చయముగా తెలిసిన పరిపూర్ణసంఖ్యలు ఏడు మాత్రమేయనియు, 31వ దానివలన పుట్టు సంఖ్య అభాజ్యమో కాదో తనకు తెలియదనియు తెలిపెను. అప్పటికాయన ఐరోపాఖండమున సర్వగణితజ్ఞులలో ప్రథముడు. ఆయన అభాజ్యమని యొక్కమాట యనినచో ఎదురుచెప్పగలవారు లేరు. అయినను తెలియనిదానిని తెలియదని చెప్పుటకు ఆయన సిగ్గుపడలేదు. మెర్సెను పేరును అడ్డుపెట్టుకొని తప్పించుకొనలేదు. సందేహమును సందేహముగనే ఇరువదియేండ్లు మనస్సున నిలుపుకొనెను.

1766లో రష్యా చక్రవర్తినియగు రెండవ కాథరిన్ ఆదరముతో పిలువగా ఆయిలరు పీటర్సుబర్గునకు మఱలి వచ్చెను. వచ్చిన కొలదిదినములకే ఎడమకంటికి శుక్లము కమ్మెను. 1771లో కంటికి శస్త్రచికిత్స జరిగి కొన్నాళ్లు లోకము మరల కనబడెను గాని, పిదప కన్ను చెడి ఆ వెలుగును పోయెను. ఆ యేడే నగరమున గొప్ప యగ్నిప్రమాదము సంభవించి ఆయన గృహము దగ్ధమాయెను. స్వగ్రామవాసియైన పీటరు గ్రిమ్ అను పనివాడు మంటలలోనికి దుమికి, చూపులేని ఆ వృద్ధుని వీపునమోసి బయటికి తెచ్చెను. వ్రాతప్రతులలో చాలభాగము దక్కెను. రెండేండ్లకు భార్య మరణించెను.

ఇన్ని యాపదలు పైబడినను ఆయన పని తగ్గలేదు, హెచ్చెను. చూపు మందగించిన దినములలో, దర్జీపని నేర్చిన యొక సేవకునికి తాను నోట చెప్పుచు బీజగణితమును వ్రాయించెను. గణితమెఱుగని ఆ యువకుడు వ్రాయుచు వ్రాయుచు తానును బీజగణితము నేర్చుకొనెను. అంత సుబోధముగా నుండుటచేతనే ఆ గ్రంథము అనేక భాషలలోనికి పరివర్తనము పొందెను. జ్యేష్ఠకుమారుడు యోహాను ఆల్బ్రెక్టును, మఱికొందఱు శిష్యులును ఆయన చెప్పినది వ్రాసియిచ్చుచుండిరి. 1775వ సంవత్సరమొక్కదానిలోనే సగటున వారమునకొక వ్యాసము చొప్పున సిద్ధమాయెనని లెక్కించిరి. ఆయన రచనలలో దాదాపు సగము చూపుపోయిన పిదప పుట్టినవియే.

ఈ కాలముననే మన సంఖ్యను గుఱించిన తీర్పు వెలువడెను. యోహాను బెర్నూలీకి మనుమడును, తాతపేరే కలవాడును అగు పండితుడు బెర్లిను పరిషత్తులో నుండెను. అతనికి ఆయిలరు వ్రాసిన లేఖ 1772వ సంవత్సరపు పరిషత్సంపుటమున ప్రకటింపబడెను. అందలి యుక్తిని చూడుడు. ఒక సంఖ్య అభాజ్యమా కాదా యని తెలిసికొనుటకు దాని వర్గమూలము వఱకు గల అభాజ్యములతో భాగించి చూచిన చాలును. ఏలయనగా రెండు కారణాంకములలో ఒకటి వర్గమూలమునకు మించదు. మన సంఖ్యయొక్క వర్గమూలము 46,340కి కొంచెము హెచ్చు. అంతవఱకు గల అభాజ్యములు 4,792. దినమునకు ఏబది భాగహారముల చొప్పున చేసినను తొంబదియైదు దినములు మించును. అందు ఒక్కటి తప్పినను శ్రమయంతయు వ్యర్థము.

ఆయిలరు ఈ గుంపును రెండు జల్లెడలతో జల్లించెను. మొదటిది: ముప్పదియొక్క రెండుల గుణఫలమునుండి పుట్టిన ఈ సంఖ్యను భాగింపగల అభాజ్యమేదైనను 62 యొక్క గుణిజమునకు ఒకటి ఎక్కువగా నుండవలెను. రెండవది: దానిని 8చే భాగించినపుడు 1 గాని 7 గాని శేషింపవలెను. పైని చెప్పిన 2,047ను మరల చూచినచో ఈ నియమములు తేటపడును. అచ్చట రెండులు పదునొకండు గనుక 62కు బదులు 22 వచ్చును. 23 అనునది 22కు ఒకటి ఎక్కువ. 89 అనునది 88కి ఒకటి ఎక్కువ. 8చే భాగించినచో 23కు 7, 89కి 1 శేషము. రెండు జల్లెడలను కలిపినపుడు, మన సంఖ్యకు భాజకములు కాదగినవి 248 యొక్క గుణిజమునకు 1 గాని 63 గాని చేర్చినవి మాత్రమే. 46,340 లోపున అట్టివి, 63ను విడిచి, 372. అందు 249, 497 వంటి సంయుక్తసంఖ్యలను తీసివేయగా సుమారు ఎనుబది మిగులును. వానిలో మొదటిది 311. దానితో మన సంఖ్యను భాగించినచో 35 శేషించును. ఆయిలరు అట్లే తుదివఱకు పరీక్ష జరిపించి, ఏ యొక్కటియు నిశ్శేషముగా భాగింపలేదనియు, కావున 2,14,74,83,647 నిస్సంశయముగా అభాజ్యమనియు ప్రకటించెను. మెర్సెను చెప్పినమాట ఈ సంఖ్య విషయమున నిజమాయెను. కాని అది నిజమని లోకము తెలిసికొన్నది ఆయిలరు వలననే.

ఇపుడు ఈ సంఖ్యకు గల లక్షణములను వరుసగా చెప్పవచ్చును. ఇది బేసిసంఖ్య, అభాజ్యము, రెండు యొక్క గుణఫలమునకు ఒకటి తక్కువైన అభాజ్యములలో ఎనిమిదవది. దీనికి తాను గాక ఒకటి తప్ప భాజకము లేదు గనుక గ్రీకుల తరగతులలో ఇది న్యూనసంఖ్య. అయినను ముప్పది రెండుల గుణఫలమగు 1,07,37,41,824తో హెచ్చింపబడి 23,05,84,30,08,13,99,52,128 అను ఎనిమిదవ పరిపూర్ణసంఖ్యకు జన్మమిచ్చును. 4చే భాగించినపుడు 3 శేషించును గనుక ఇది రెండు వర్గముల మొత్తము కాజాలదు. 4చే భాగింప 1 శేషించు అభాజ్యములన్నియు రెండు వర్గముల మొత్తములగునని నిరూపించినవాడును ఆయిలరే. 8చే భాగించినపుడు 7 శేషించును గనుక మూడు వర్గముల మొత్తమును కాదు. నాలుగు వర్గములు కావలెను. ఏ పూర్ణసంఖ్యకైనను నాలుగు చాలునని 1770లో లగ్రాంజి అను పండితుడు నిరూపించెను. ఆయిలరు విడిచిన బెర్లిను పదవి ఈయనకే లభించినది. మఱియు సరిసంఖ్యలైన పరిపూర్ణములన్నియు యూక్లిడు చెప్పిన రూపముననే యుండునని కూడ ఆయిలరు నిరూపించి యుంచెను. ఆ వ్యాసము ఆయన మరణించిన చాలకాలమునకు 1849లో అచ్చయ్యెను.

1783వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన ఆయిలరు ఎప్పటివలెనే పనిలో నుండెను. మనుమనికి పాఠము చెప్పెను. ఆ యేడు క్రొత్తగా ఎగురవేసిన పొగగుమ్మటముల గమనమును లెక్కించెను. రెండేండ్ల క్రిందట కనుగొనబడిన యురేనసు గ్రహమార్గమును గుఱించి లెక్సెలు అను శిష్యునితో ముచ్చటించెను. సాయంకాలము హఠాత్తుగా మెదడున రక్తస్రావము కలిగి స్పృహ తప్పి, ఆ రాత్రియే పరలోకగతుడాయెను. ఆయన రచనలు ఎనిమిది వందలకు మించును. మిగిలిన వ్యాసములను అచ్చువేయుటకు పీటర్సుబర్గు పరిషత్తునకు దశాబ్దములు పట్టెను. 1911లో ప్రకటింప నారంభించిన సమగ్రగ్రంథావళి ఎనుబది సంపుటములను మించినది.

ఆయిలరు నిశ్చయించిన సంఖ్య తొంబదియైదేండ్లు, అనగా 1867 వఱకు, లోకమునకు తెలిసిన అభాజ్యములలో అన్నిటికంటె పెద్దదై యుండెను. దానివలన పుట్టిన పరిపూర్ణసంఖ్యకు మించినది ఎన్నడును కనుగొనబడబోదని బార్లో అను ఆంగ్లపండితుడు 1811లో వ్రాసెను. ఆ జోస్యము ఫలింపలేదు. మెర్సెను పట్టికలోని 67 తప్పని తేలెను. 1903లో అమెరికాదేశపు ఆచార్యుడగు కోల్ దానివలన పుట్టు సంఖ్య 19,37,07,721 × 7,61,83,82,57,287 అని గుణించి చూపెను. 257 కూడ తప్పే. పట్టికలో లేని 61, 89, 107 చేర్పదగినవని తేలెను. 2024లో యంత్రసహాయమున కనుగొనబడిన ఇట్టి అభాజ్యమునకు నాలుగుకోట్లకు పైగా అంకెలు కలవు. మన సంఖ్యకు నేటి కంప్యూటరు యంత్రములలోను స్థానము కలదు. ముప్పదిరెండు స్థానములలో, ఒకదానిని గుర్తునకు విడిచి, వ్రాయదగిన గరిష్ఠసంఖ్య ఇదియే. 1970వ సంవత్సరారంభము నుండి సెకండ్లను ఇట్టి గదిలో లెక్కించు పాతయంత్రములకు 2038 జనవరి 19వ తేదీన, మన దేశకాలమున ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లకు, ఆ లెక్క నిండిపోవును. ఆయిలరు దీనిని కలలోనైన తలచియుండడు. ఆయన సత్యమును సత్యము కొఱకే వెదకెను.

విద్యార్థులారా! ఈ చరిత్రమున మువ్వురు పెద్దలు కానవత్తురు. ఫెర్మా మహామేధావి, అయినను ఆయన ఊహ తప్పెను. మెర్సెను శ్రమించినవాడు, అయినను ఆయన పట్టికలో కొన్ని నిలువలేదు. ఆయిలరును యౌవనమున పొరపడెను. కాని పొరపాటును విడిచి, తెలిసినదానికిని తోచినదానికిని నడుమ గల హద్దును ఎన్నడును చెరిపివేయలేదు. పుస్తకమున నున్నదనియో, పెద్దలు చెప్పిరనియో ఆగిపోక, తానే భాగించి చూచెను. చూడలేని దినములలో శిష్యుల కన్నులతో చూచెను. ఆయన జల్లెడలో 311 తరువాతి అభాజ్యము 1,303. నేడు ఇంటికి పోయి, పలక తీసికొని, మన సంఖ్యను దానితో భాగించి శేషమెంతయో కనుగొనుడు. ఆ లెక్క ముగియుసరికి, ఆ వృద్ధాచార్యుని యోపిక యెట్టిదో మీకే తెలియగలదు.